మూడో గోడ దాటాక

మా ఇంట్లో తయారైన ఏ ఆటా అత్తయ్య చేతిలో పడకుండా గడప దాటదు. అది మా స్టూడియో చట్టం. స్టూడియో అనగానే అద్దాల మేడ ఊహించుకునేరు, అంత సీను లేదు. ఇస్త్రీ దుకాణం పైన రెండు గదుల వాటా. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, ఒక సొరుగు నిండా బటన్ల ఫోన్లు. ఏ రెండు ఫోన్ల తెరలూ ఒక్క కొలతలో ఉండవు, ఏ రెండింటి బటన్లూ ఒకలా నొక్కుకోవు. కోడ్ రాసేది మా ఆయన, బొమ్మలు గీసేది నేను, మూడో ఉద్యోగి మా అత్తగారు. ఆవిడకు జీతం లేదు కాబట్టి ఆవిడ మాటకు ఎదురు కూడా లేదు.

పరీక్ష ఎలాగంటే, ఫోన్ ఆవిడ చేతికిచ్చి మేమిద్దరం నోరు మూసుకోవాలి. ఎలా ఆడాలో చెప్పకూడదు, సైగ చెయ్యకూడదు. ఆవిడ తలెత్తి "ఇప్పుడేం చెయ్యాలే?" అని అడిగిందంటే ఆట తప్పినట్టే, మళ్ళీ మొదటికి. ఒకసారి పడవ ఆట చేశాం. ఆవిడ అడుగుతూనే ఉంది, మేము మారుస్తూనే ఉన్నాం. ఆ పడవ ఈనాటికీ ఒడ్డు చేరలేదు.

అత్తయ్య సినిమా హాల్లో టికెట్లమ్మి రిటైరైంది. చెయ్యి పట్టేంత కన్నంలోంచి ఊరందరితో పోట్లాడిన మనిషి. తప్పయిందన్న మాట ఆవిడ నోట విన్నవాళ్ళు లేరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో తనే స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయి, పొంగిపోయాక, "నీ గిన్నె మరీ చిన్నదే అమ్మాయ్" అంది. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అన్నారా?

ఈసారి మేము చేసిన ఆట పేరు గోడ మీద పిల్లి. పిల్లి గోడ మీద పరుగెడుతుంటుంది, అయిదో నంబరు బటన్ నొక్కితే దూకుతుంది. అంతే, ఇంకో బటన్‌తో పనిలేదు. బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డవాళ్ళు రెండో చేత్తో ఆడుకోవాలని నేనే పట్టుబట్టాను. అత్తయ్య ఒక్క ప్రశ్న అడగకుండా ఆడేసి, "పిల్లి చెప్పిన మాట వింటోందిరా, నీకంటే నయం" అంది కొడుకుతో. మా ఇంట్లో అంతకుమించిన మెప్పు లేదు.

ఆట అమ్మాలంటే మాకు ఒకటే దారి, ఫోన్ కంపెనీ మెనూలో దాని పేరు కనబడాలి. జనం అక్కడ నొక్కి దించుకుంటారు, కంపెనీ ఆ జనం బాలెన్స్‌లోంచి కోసుకుని మాకింత విదిలిస్తుంది. ఆటలు ఎంచే మేనేజరు ఎప్పుడు చూసినా నవ్వు పులుముకునే ఉంటాడు. మేము చెప్పగా విని అత్తయ్య ఆయనకు చిరునవ్వు అని పేరు పెట్టింది. మా పిల్లి ఆయనకు నచ్చింది. పట్టుకెళ్ళి, కొన్నాళ్ళకు తిరిగి పంపుతూ, "మావాళ్ళు ఒక చిన్న ముక్క కలిపారు, చూసుకుని సంతకానికి వచ్చెయ్యండి" అన్నాడు.

మా ఆయన ఆ ముక్క ఏమిటో చూడనైనా చూడకుండా, అలవాటు కొద్దీ ఆటను తీసుకెళ్ళి వాళ్ళమ్మ సొంత ఫోన్లోకి ఎక్కించాడు. ఊళ్ళో ఎక్కువమంది కొనేది ఆ రకం ఫోనే కాబట్టి మా పరీక్షలన్నీ అందులోనే. ఫోన్ ఆవిడకిచ్చి, చట్టం ప్రకారం ఇద్దరం నోరు కట్టేసుకున్నాం.

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఆడింది. కాసేపటికి లేచి లోపలికెళ్ళింది. పిల్లి బాగుందనలేదు, బాగాలేదనలేదు. అన్నాల దగ్గర కూరలో ఉప్పు ఎక్కువైందని నా నాలుకకే తెలుస్తోంది, ఆవిడ కిమ్మనలేదు. సాయంత్రమైతే వాళ్ళక్కకు ఫోన్ చేసి పోట్లాడకుండా ఉండలేని మనిషి, ఆ పూట చెయ్యలేదు. ఆ అక్కగారే నా ఫోన్‌కు చేస్తే పడుకున్నానని చెప్పమంది. నాకు నిజంగా భయమేసింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏమైందత్తయ్యా?"

"బాలెన్స్ అంతా పోయిందే," అంది నేల చూస్తూ. "నేనే ఏదో నొక్కేసినట్టున్నాను. కళ్ళు ఆనడం లేదు, వేళ్ళు మాట వినడం లేదు. ఇక ఈ పరీక్షలు నాకు పెట్టకండి. తప్పు నాదే."

ఆ ఫోన్ను బీరువాలో బట్టల అడుగున పెట్టి తలుపు మూసింది.

మా ఆయన ఆ రాత్రే ఆట విప్పి చూశాడు. మూడో గోడ దాటాక తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వస్తోంది. ఆట కొనసాగించాలా, అయితే అయిదు నొక్కండి. నొక్కితే కంపెనీకి ఒక మెసేజ్ పోతుంది, వెంటనే బాలెన్స్ కోత. పిల్లిని దూకించడానికి బొటనవేలు అయిదు మీదే టకటకా ఆడుతున్న మనిషి ఆ ప్రశ్న చదివేలోపే జవాబు చెప్పేసి ఉంటుంది. ఆ తర్వాత గోడ గోడకూ అదే వరస. నేను పట్టుబట్టి పెట్టిన ఒక్క బటన్ కిందే గొయ్యి తవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పొద్దున్నే ఇద్దరం వెళ్ళి చెప్పాం. ఆవిడ నమ్మలేదు.

"నన్ను ఓదార్చకండి," అంది.

"అమ్మా, నువ్వే చూడు, ఇదిగో ఆ ప్రశ్న," అని మా ఆయన తెర చూపించాడు.

"ఏం చూడమంటావురా? తెరలు తయారు చేసేది మీరేగా. నా కోసం ఇంకోటి చేసి ఉంటారు."

ఆ రోజు నుంచి ఆవిడ వేసిన తలుపును మళ్ళీ వెళ్ళి చూసుకోవడం మొదలుపెట్టింది. చిల్లర నా చేతికిచ్చి "నువ్వే లెక్కపెట్టవే" అనడం మొదలుపెట్టింది. ఆవిడ నోటికి జడిసి నేను వంటింట్లో దాక్కున్న రోజులున్నాయి, కాదనను. కానీ ఆ నోరు అలా పడిపోతే నేను తట్టుకోలేకపోయాను. తన మీద తనకు నమ్మకం పోతే అత్తయ్యలో అత్తయ్య ఏం మిగులుతుంది?

సంతకం రోజు నేను అబద్ధమాడాను. పెద్దవాళ్ళు పక్కన ఉండాలని కంపెనీవాళ్ళు అన్నారని చెప్పి ఆవిడను బయల్దేరదీశాను. ఆ చిరునవ్వు నోటితోనే నిజం కక్కించాలని నా పంతం.

కంపెనీలో మమ్మల్ని చల్లటి గదిలో కూర్చోబెట్టారు. అత్తయ్య మూల కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని, బడిలో కొత్త పిల్లలా కూర్చుంది. చిరునవ్వు వచ్చి కాగితాలు మా ఆయన ముందుకు తోశాడు.

"సార్, మూడో గోడ దగ్గర ఆ ప్రశ్న తీసెయ్యాలి," అన్నాను.

"అది తీసేస్తే మాకేం మిగుల్తుంది మేడం?"

"జనం తిట్టరా?"

"ఎవరూ తిట్టరు. వేరే ఆటల్లో కూడా పెట్టాం, ఒక్క ఫిర్యాదు రాలేదు. వాళ్ళే ఏదో తప్పు నొక్కామనుకుంటారు. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోరు. పెద్దవాళ్ళయితే మరీను."

మూలనుంచి అత్తయ్య తలెత్తింది. "ఏమన్నావు నాయనా? మళ్ళీ చెప్పు."

ఆయన ఆవిడకు చెవుడనుకున్నాడు. గొంతు పెంచి, మాట మాట విడగొట్టి, మొత్తం మళ్ళీ చెప్పాడు. వాళ్ళే తప్పు నొక్కామనుకుంటారమ్మా, అని. నవ్వుతూనే చెప్పాడు.

అత్తయ్య లేచి నిలబడింది. సంచి కుర్చీలో పడేసి బల్ల దగ్గరకొచ్చింది.

"నా కిటికీ కన్నంలో ఎవడు చెయ్యి పెట్టినా టికెట్టో, చిల్లరో, తిట్టో, ఏదో ఒకటి ఇచ్చి పంపేదాన్ని. డబ్బులు లాక్కుని, ఖాళీ చెయ్యి బయటికి తోసి, తప్పు నీదేననుకోరా అని ఇంటికి పంపలేదు. నేను మూడు రోజులుగా నా మతి పోయిందనుకుంటున్నాను. నా అక్కతో మాట్లాడ్డం మానేశాను. నీకు సిగ్గు లేదురా?"

"మీరు ఆవేశపడకండమ్మా," అన్నాడు చిరునవ్వు. నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. "మా మెనూ కాదనుకుంటే మీ పిల్లి ముఖం చూసేవాడుండడు. ఇంకో దారి లేదు మీకు. ఆలోచించుకోండి."

నేను మా ఆయన వైపు చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో అత్తాకోడళ్ళ తగాదాలో గానీ, ఇంటివాడితో పేచీలో గానీ, ఎక్కడా ఆయన తాను ఫలానా వైపని చెప్పింది లేదు. ఆటకు ఆ పేరు పెట్టింది కూడా నేను ఆయన్ను చూసే. ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఆలోచించుకున్నాం. పదమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చి ఫ్యాన్ కింద కూర్చున్నాక అసలు సంగతి తలకెక్కింది. మాకు ఇంకో కొనుగోలుదారు లేడు. పిల్లిని పెంచాం గానీ దానికి గుమ్మం లేదు. అప్పుడు అత్తయ్య బీరువా తెరిచి ఫోన్ తీసి కొడుకు ముందు పెట్టింది.

"ఆ మూడో గోడ దాటాక, వాడు ప్రశ్న పెట్టిన చోటే, నా మాట ఒకటి రాయరా. తప్పు మీది కాదు అని. అది రాసి ఊరందరికీ ఊరికే పంచేద్దాం."

"మన అక్షరాలు ఆ ఫోన్లలో ఉండవమ్మా. బొమ్మలా చుక్కచుక్కా గియ్యాలి. ఆటలో అంత చోటు లేదు," అన్నాడు మా ఆయన.

నిజమే. ఆ చిన్న ఫోన్లు అరవై నాలుగు కేబీ దాటిన ఆటను మింగవు, మా పిల్లి అప్పటికే అంచుదాకా నిండి ఉంది. ఏదో ఒకటి తీసెయ్యాలి. నేను కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లి తోక తీసేశాను. దూకినప్పుడు ఆ తోక అటూ ఇటూ ఊగడానికి నేను గీసినన్ని బొమ్మలు ఇంకే అవయవానికీ గియ్యలేదు. బాధ కలగలేదని చెప్పను. తోక పోయిన చోట ఆ మూడు మాటలూ సరిపోయాయి.

ఇప్పుడు నేను దుకాణాల బోర్డులకు బొమ్మలు గీస్తున్నాను. మా ఆయన కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. చిరునవ్వు మెనూలో మా పేరు లేదు, అక్కర్లేదు కూడా. రోజూ సాయంత్రం అత్తయ్య బస్టాపు బల్ల మీద కూర్చుంటుంది, తన ఫోన్లో బ్లూటూత్ లేక కొడుకు ఫోన్‌ను చేతిలో పట్టుకుని. ఫోన్లో బ్లూటూత్ ఉన్నవాళ్ళను పిలిచి మరీ పిల్లిని పంపిస్తుంది. ఎలా ఆడాలో మాత్రం చెప్పదు.

మొన్న నేను పక్కనే ఉన్నాను. డ్యూటీకి వెళ్తున్న ఒక వాచ్‌మన్, మా నాన్న వయసు మనిషి, పిల్లిని ఎక్కించుకుని అక్కడే నిలబడి ఆడటం మొదలుపెట్టాడు. ఒక గోడ దాటాడు, రెండోది దాటాడు. మూడోది దాటాక వేలు ఆగిపోయింది. తెర వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.

"ఇది ఎవరు రాశారండీ?" అన్నాడు.

"నేనే," అంది అత్తయ్య.

"పోయిన నెల ఇంకో ఆటలో నా బాలెన్స్ ఇలాగే పోయింది. నేనే ఏదో నొక్కాననుకున్నాను. మా అబ్బాయి ఇకమీదట నీకు ఫోన్ ఎందుకు అన్నాడు. నిజమే కదా అనుకున్నాను."

"మీ అబ్బాయి ఇంట్లో ఉన్నాడా?"

"ఉన్నాడు."

"అయితే డ్యూటీకి కాస్త ఆలస్యమైనా ఫర్లేదు. ఇంటికెళ్ళి ఇది వాడికి చూపించు," అంది అత్తయ్య.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని, వచ్చిన దారినే ఇంటి వైపు నడిచాడు.