నర్సింగ్ హోమ్ నల్ల సంచులు

మంగళవారం పొద్దున ఏడున్నరకి చెత్తబండి దగ్గర పారిశుద్ధ్య కార్మికురాలు పొడుగమ్మ కెవ్వున అరిచింది. నల్ల సంచిని బండిలోకి విసరబోతుంటే అందులోంచి సూది పొడుచుకొచ్చి ఆమె బొటనవేలి కింద దిగింది.

ఆ వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్ అక్కడే ఉంది. పదకొండేళ్లుగా ఆ మున్సిపాలిటీలో పనిచేస్తున్న మనిషి. పొడుగమ్మ చేతిని కుళాయి కింద పెట్టి సబ్బుతో కడిగించింది. తర్వాత ఆ సంచిని రోడ్డు మీద కుమ్మరించింది. ఆవిరి పట్టిన సెలైన్ గొట్టాలు, రక్తం ఎండిన దూది, మూతల్లేని సూదులు. వాటి మధ్య మూల మీది నర్సింగ్ హోమ్ మందుల చీటీలు.

"వీళ్లకి ముందే రెండుసార్లు నోటీసు ఇచ్చాను," అంది పళ్లు కొరుకుతూ.

"నోటీసులతో నా వేలు బాగవుతుందా మేడం?" అంది పొడుగమ్మ.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు రక్తం తీసుకుని, హెచ్‌ఐవీ సోకకుండా నెల రోజులు వాడమని మాత్రలు రాశాడు. ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి మళ్లీ పరీక్ష చేయించుకోవాలన్నాడు. "అప్పటిదాకా ఏమీ చెప్పలేం," అన్నాడు. పొడుగమ్మ ఆ మాటని ఇంటికి మోసుకెళ్లింది. ఆ రోజు నుంచి తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంది, ఎవరూ పెట్టమనకపోయినా.

ఇన్‌స్పెక్టర్ ఫోటోలన్నీ జతచేసి ఫైలు పైకి పంపింది. మూడో రోజున అది తిరిగొచ్చింది. కమిషనర్ ఒకే ఒక్క మాట రాశారు: "చర్చించండి." చర్చించడానికి వెళ్తే, "మీరెందుకమ్మా ఎండన పడి రావడం, రాసి పంపండి," అన్నారు. ఆమె మళ్లీ రాసి పంపింది. ఫైలు మళ్లీ చర్చించమంటూ వచ్చింది.

ఆదివారం ఆమె మరిది ఇంటికొచ్చాడు. ఆ వార్డు కౌన్సిలరు అతనే. వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, ఆమె తరుగుతున్న చిక్కుడుకాయల్లోంచి ఒకటి తీసి నెమ్మదిగా ఈనె లాగాడు.

"నాన్చకుండా చెప్పు," అంది ఇన్‌స్పెక్టర్.

"ఆ నర్సింగ్ హోమ్ జోలికి వెళ్లకు వదినా. అది చైర్మన్‌గారి అల్లుడిది."

"తెలుసు."

"తెలిసి కూడానా! మా వీధి డ్రైనేజీ సంగతి ఈ నెల కౌన్సిల్ ముందుకొస్తోంది. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగాను. వాన పడితే జనం ఇళ్లలోకి మురుగొస్తోంది. ఒక్క నెల ఓపిక పట్టు, నీకు దణ్ణం పెడతాను."

"పొడుగమ్మకి ఆరు నెలలదాకా పరీక్షలున్నాయి. ఆమెని ఎన్నాళ్లు ఓపిక పట్టమంటావు?"

మరిది ఈనె పీకేసిన చిక్కుడుకాయని గిన్నెలో పడేసి లేచాడు. అతను చెడ్డవాడు కాదు. మురుగునీళ్లలో చీపురు పట్టుకుని దిగిన మనిషే. అందుకే ఆమెకి మరింత ఒళ్లు మండింది.

చివరికి కమిషనర్ ఫైలుని కౌన్సిల్ మీదికి తోశారు. సమావేశంలో అది పద్నాలుగో అంశం. అప్పటికే సగం మంది ఫోన్లలో మునిగిపోయారు. ఇన్‌స్పెక్టర్ ఫోటోలు చూపించి విషయం చెప్పింది. చైర్మన్ కళ్లద్దాలు సర్దుకుని ఫోటోలను బల్ల మీదే బోర్లించాడు.

"ఆ పనామె చేతికి తొడుగులు వేసుకుందా?"

"లేదు సార్. తొడుగులు కావాలని ఏడు నెలల కింద రాశాం. ఇంకా రాలేదు."

"వేసుకోలేదన్నమాట. రాసుకోండి," అన్నాడు చైర్మన్ గుమాస్తాతో.

ఆమె మరిది వైపు చూసింది. అతను తన ముందున్న నీళ్ల సీసా మూతని తిప్పుతూ కూర్చున్నాడు. తీర్మానం అయిపోయింది: తొడుగులు వేసుకోని కార్మికులపై చర్య తీసుకోవాలి, నర్సింగ్ హోమ్‌కి తగిన సలహా ఇవ్వాలి. ఎవరో బల్ల చరిచారు. పదిహేనో అంశంగా డ్రైనేజీకి చేతులు లేచాయి.

మెట్లు దిగుతూ ఆమె మధ్యలో ఆగిపోయింది. నవ్వొచ్చింది. ఆసుపత్రి తప్పు చేస్తే పొడుగమ్మకి శిక్ష!

ఆ సాయంత్రం ఆమె నిబంధనల పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివింది. తన చేతిలో ఉన్నది ఒక్కటే కనిపించింది. వైద్య వ్యర్థాలు కలిసిన చెత్తని మున్సిపల్ బండి ఎత్తనక్కర్లేదు.

మర్నాడు ఆమె నర్సింగ్ హోమ్ గేటు ముందు నిలబడింది. "ఈ సంచులు వదిలేయండి," అంది బండి డ్రైవరుతో. బండి వెళ్లిపోయింది. రెండో రోజుకి సంచులు పన్నెండయ్యాయి. మూడో రోజుకి ఈగలు ముసురుకున్నాయి, లోపలికొచ్చే రోగులు ముక్కు మూసుకుంటున్నారు. మేనేజరు చొక్కా చేతులు మడుచుకుని బయటికొచ్చాడు.

"ఏంటమ్మా ఈ దౌర్జన్యం?"

"ఆ సూదుల్ని తీసుకెళ్లే బండి వేరే ఉంటుంది. పిలిపించుకోండి."

చైర్మన్ ఫోన్ చేశాడు. "చెత్త ఎత్తించు. నేను చెప్తున్నాను."

"అలాగే సార్. ఎత్తమని రాసి సంతకం పెట్టి పంపండి, ఇప్పుడే ఎత్తిస్తాను."

అవతల ఫోను పెట్టేశారు. కమిషనరూ రాయలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం పసుపు రంగు డబ్బాలతో వైద్య వ్యర్థాల బండి వచ్చి ఆ సంచుల్ని తీసుకెళ్లింది. ఆమె ఎండలో నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూసింది. ఒక్క గంటసేపు సంతోషంగా ఉంది.

ఆఫీసుకి వెళ్లేసరికి బల్ల మీద బదిలీ ఉత్తర్వు ఉంది. జనన మరణాల నమోదు విభాగానికి. మరిది ఫోన్ చేశాడు.

"మొన్న ఒప్పుకున్న డ్రైనేజీని పనుల లిస్టులోంచి తీసేశారు వదినా. 'వచ్చే ఏడాది చూద్దాం' అట. ఇప్పుడు మా వీధిలో నేనేం మొహం పెట్టుకుని తిరగాలి?"

ఆ నెలంతా అతను వాళ్లింటికి రాలేదు. "పట్టుదలకి పోయి ఏం సాధించావు?" అని భర్త ఒకసారి అడిగాడు. అడిగాక తనే తల దించుకున్నాడు.

రెండు నెలల తర్వాత పొడుగమ్మ నమోదు విభాగంలో ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. ఆరు వారాల పరీక్షలో జబ్బేమీ కనపడలేదట. ఇంకా రెండు పరీక్షలున్నాయి.

"తొడుగులొచ్చాయా?"

"వచ్చాయి మేడం. మగాళ్ల కొలత. వేసుకుంటే సంచి పట్టు దొరకదు." పొడుగమ్మ గొంతు తగ్గించింది. "నల్ల సంచుల్లో మళ్లీ సూదులొస్తున్నాయి. కొత్త ఇన్‌స్పెక్టరు చూడకుండా ఎక్కించేయమంటున్నాడు."

పాత ఇన్‌స్పెక్టర్ కలం చివర కొరికింది. పొడుగమ్మ వెనక నలుగురు జనన ధ్రువపత్రాల కోసం నిలబడ్డారు. వాళ్ల పని ముగించి, భోజన విరామంలో తెల్లకాగితం తీసి ఫిర్యాదు రాసింది. కింద తన ఇంటి చిరునామా వేసింది. పొడుగమ్మతో కూడా సంతకం పెట్టించి, ఇద్దరూ కలిసి పై అంతస్తుకి వెళ్లారు.

ఫిర్యాదుల గుమాస్తా కాగితం తిప్పి తిప్పి చూశాడు. "మీరు ఇక్కడి ఉద్యోగి కదా మేడం, మీ దగ్గర నేనెలా తీసుకోను?"

"ఈ ఊళ్లో ఇంటిపన్ను కడుతున్నాను. తీసుకోండి."

"తీసుకున్నా ఇది ఎక్కడికి వెళ్తుందో తెలుసా? ఆ కొత్త ఇన్‌స్పెక్టరు దగ్గరికే."

"కమిషనరు పేరు రాయండి," అంది ఆమె. "ఒక నకలు మా మరిదికి కూడా పంపండి. వార్డు ఆయనదే కదా."

గుమాస్తా నిట్టూర్చి కలం వెతుక్కున్నాడు. పొడుగమ్మ బల్ల అంచు పట్టుకుని, అతను ఫిర్యాదుకి నంబరు వేసేదాకా కదలకుండా నిలబడింది.