కూర్చుని చేసే పని

మా నర్సరీలో కవర్లు నింపే పని ముసలివాళ్ళది. అంటు కట్టడానికి చూపు కావాలి. కుండీలు మోయడానికి భుజం కావాలి. మొక్కలు లారీకి ఎక్కించడానికి కాళ్ళు కావాలి. అవన్నీ అయిపోయిన ఆడమనిషిని షెడ్డులో మట్టిగుట్ట ముందు కూర్చోబెడతారు. ఎర్రమట్టి, ఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన గుట్ట అది. గుప్పెళ్ళతో నల్ల కవర్లలోకి నింపి, నేలకు తట్టి, వరసగా పేర్చాలి. నేనూ, అచ్చాయమ్మా, మరికొందరం అలా కూర్చున్నవాళ్ళమే. కడియంలో ఎవరినడిగినా చెబుతారు, ఆ చోటు కూడా పోతే ఇక ఇంటికే.

మా అమ్మాయి హెలెన్‌కి ఈ సంగతి తెలుసు. చిన్నప్పుడు బడి సెలవుల్లో నా పక్కన కూర్చుని కవర్లు నింపింది. ఇప్పుడు కాకినాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. విద్యార్థులను ఊళ్ళకు తీసుకువెళ్ళి, అక్కడివాళ్ళ కష్టం అడిగి తెలుసుకుని, దానికి తగ్గ పరికరం తయారు చేయించే ప్రోగ్రాం ఒకటి ఆ కాలేజీలో పెట్టారు. దాన్ని నడిపే బాధ్యత హెలెన్‌కి ఇచ్చారు. మా అమ్మాయి తన ఊరినే ఎంచుకుంది.

"మన నర్సరీకే వస్తున్నామమ్మా" అని ఫోనులో చెప్పినప్పుడు నాకు సంతోషం కంటే ముందు గుబులు పుట్టింది. నా దగ్గరికి ఎవరు వస్తున్నారన్నా వాళ్ళు వెళ్ళిపోయే పూటే ముందు కళ్ళకు కడుతుంది. మా ఆయన ఐజాక్ మొక్కల లారీ మీద వెళుతూ, ఆదివారం ఆరాధనకల్లా వచ్చేస్తానన్నాడు. నాగపూర్ రోడ్డు మీద లారీ బోల్తా పడింది. అప్పటినుంచి ఎవరు గడప దిగినా నాకు అంతే.

పిల్లలు బస్సు దిగారు. అందరివీ ఒకే రంగు టీషర్టులు. షెడ్డు స్తంభాలకు బ్యానరు కట్టారు. నర్సరీ యజమాని దొరబాబుగారు కుర్చీ వేయించుకుని మా ఎదురుగానే కూర్చున్నారు. ఆయన వెనక మేస్త్రి సత్తియ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పండమ్మా, పనిలో మీకున్న ఇబ్బందులు ఏంటి?" అంది హెలెన్. నన్ను కూడా కలిపి మీరు అనే అంది.

యజమాని ముందు కూలి సంగతి ఎత్తలేం. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదని మగపిల్లల ముందు చెప్పలేం. అలాగని అంత దూరం నుంచి వచ్చిన పిల్లల్ని వట్టి చేతులతో పంపడమూ బాగుండదు. చివరికి అచ్చాయమ్మే అందుకుంది.

"కష్టాలకేం కరువండి! ఈ మట్టి కుక్కీ కుక్కీ నడుం పడిపోతోందండి. సాయంత్రానికి మమ్మల్ని కూడా కవర్లో పెట్టి లారీ ఎక్కించేయొచ్చండి."

అందరూ నవ్వారు. "నిన్ను కొనేదెవరే అచ్చాయమ్మా" అని దొరబాబుగారు కూడా నవ్వారు.

నడుం నొప్పి మా దగ్గర అందరి ముందూ చెప్పుకోవడానికి వీలున్న కష్టం. చుట్టం వచ్చినా, పాస్టరుగారు వచ్చినా అదే చెబుతాం. దానికి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. అయ్యో అంటే చాలు. కానీ పిల్లలు సెల్ఫోన్లు పట్టుకుని మా నడుములకు, చేతులకు ఫోటోలు తీయడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు సాయిదుర్గ అనే ఆడపిల్ల ఒక్కతే మా దగ్గరికొచ్చి కూర్చుంది.

"నిజంగా మీకేం కావాలి పెద్దమ్మా?" అంది.

"దొడ్డి కావాలమ్మా. పొద్దున ఇంటి దగ్గర బయలుదేరితే మళ్ళీ ఇంటికెళ్ళేదాకా నీళ్ళు తాగడానికి భయమే" అని చెప్పాను.

ఆ పిల్ల వెళ్ళి హెలెన్‌కి చెప్పింది. నేను వింటూనే ఉన్నాను.

"అది కట్టాలంటే దొరబాబుగారు స్థలం ఇవ్వాలి. ఆ మాట ఎత్తితే రేపు మనల్ని గేటు లోపలికే రానివ్వరు. మన వాళ్ళంతా మెకానికల్. మిషను చేద్దాం" అంది హెలెన్.

"కానీ మేడమ్, వాళ్ళు అడిగింది..."

"నేను ఈ షెడ్డులోనే పెరిగాను సాయిదుర్గా. వాళ్ళకేం కావాలో నాకు తెలుసు."

ఆ సాయంత్రం హెలెన్ ఇంటికొచ్చి నా నడుముకు బామ్ రాసింది. చేతులు మెత్తగా ఉన్నాయి.

"మిషను వస్తే మా పని పోదు కదే?" అన్నాను.

"పని ఎందుకు పోతుందమ్మా? తేలికవుతుంది. మీరు పక్కన కూర్చుని కవరు పట్టుకుంటే చాలు. చిన్నప్పటినుంచీ నీ మూలుగు వింటూనే పెరిగాను. ఇన్నాళ్ళకు నాకు ఒక అవకాశం వచ్చింది, కాదనకు."

కాదనలేదు. అది మళ్ళీ కాకినాడ బస్సెక్కే లోపల దాని మనసు నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను.

వానలు వెళ్ళాక మిషను వచ్చింది. పైన పెద్ద గరాటు, కింద మోటారు, కాలితో తొక్కే మీట. కవరు పెట్టి మీట తొక్కితే మట్టి ధారగా పడుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే బాగానే పని చేసింది. అయితే దాని ముందు కూర్చోవడానికి లేదు. నిలబడి తొక్కాలి, నిండిన కవరు తీసి వెంటనే ఇంకొకటి పెట్టాలి. అచ్చాయమ్మ కాసేపు తొక్కి, మోకాలు పట్టుకుని కూలబడింది.

"ఇది కుర్రోళ్ళ ఆట వదినా" అంది నాతో.

దొరబాబుగారు ఇద్దరు కుర్రవాళ్ళను పెట్టారు. మా అందరి పనీ వాళ్ళిద్దరే చేసేశారు. వారం తిరక్కుండానే సత్తియ్య మా దగ్గరికొచ్చాడు.

"రేపట్నుంచి రాకండి పెద్దమ్మా. అవసరమైతే కబురెడతాను."

"ఏరా సత్తియ్యా, మీ అమ్మ కూడా ఇక్కడ కూర్చుని పోయినదే కదరా" అంది అచ్చాయమ్మ.

"నన్నేం చేయమంటావు? మిషను నేను తెచ్చానా? మీ వదినగారి కూతురే తెచ్చింది కదా, వెళ్ళి ఆవిణ్ణడుగు."

అచ్చాయమ్మ నా వైపు చూడకుండా క్యారేజీ సర్దుకుంది. ఆ చూడకపోవడమే నాకు గుచ్చుకుంది.

హెలెన్‌కి ఫోన్ చేశాను. పని పోయిన సంగతి చెప్పాను.

"నేను మాట్లాడతానమ్మా. ముందు కాలేజీలో ఫంక్షన్ అయిపోనీ. దొరబాబుగారే చీఫ్ గెస్టు. ఇప్పుడు కదిపితే అంతా పాడవుతుంది. ఆ రోజు నువ్వు కూడా వచ్చి స్టేజీ మీద రెండు మాటలు చెప్పాలి."

"ఏం చెప్పను?"

"ఇంతకు ముందు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, అంతేనమ్మా."

వెళ్ళాను. ఏసీ హాలు, చలి. తెర మీద నా చేతుల ఫోటో ఇంత పెద్దది వేశారు, గోళ్ళలో మట్టితో సహా. దొరబాబుగారికి శాలువా కప్పారు. తర్వాత నన్ను పిలిచి మైకు ఇచ్చారు. హెలెన్ ముందు వరసలో కూర్చుని నా వైపే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం ఉంది. చిన్నప్పుడు పరీక్ష ఫీజు అడిగేటప్పుడు అలాగే చూసేది.

హెలెన్ మాట్లాడతానన్న రోజు ఎప్పటికీ రాదని అప్పుడు నాకు అర్థమైంది.

"బాబుగారండి" అన్నాను. "పిల్లలు కష్టపడి మిషను చేశారండి. బాగుందండి. కానీ మేమంతా ఇంట్లో కూర్చున్నామండి. మిషనూ ఉండనివ్వండి, మమ్మల్నీ ఉండనివ్వండి. ఏదో ఒక మూల కలుపు తీసుకుంటామండి. మా పని మాకు ఇప్పించండి."

హెలెన్ తల దించుకుంది. దొరబాబుగారు కుర్చీలోంచి లేచి నా చేతిలోని మైకు అందుకున్నారు.

"ఎంత మాట జ్ఞానమ్మా! మీరు మా ఇంటి మనుషులు. సోమవారం నుంచి అందరూ వచ్చేయండి. తల్లుల్ని వదులుకుంటామా?"

చప్పట్లు మోగిపోయాయి. ఎవరో పిల్లవాడు ఈలవేశాడు. సాయిదుర్గ కళ్ళు తుడుచుకుంది. పిఠాపురంలో తమ్ముడింటికి పోదామని మూట కట్టుకున్న అచ్చాయమ్మ, నేను వచ్చి చెప్పాక ఆ మూట విప్పేసింది.

సోమవారం క్యారేజీలు పట్టుకుని వెళ్ళాం. గేటు దగ్గర సత్తియ్య అడ్డంగా నిలబడ్డాడు.

"బాబుగారు రమ్మన్నారు. సభలో అందరి ముందూ చెప్పారు" అన్నాను.

"సభలో చెప్పక ఏం చేస్తారండి? శాలువా కప్పించుకుని కాదంటారా?" ఈసారి నన్ను అండి అన్నాడు. "అలా నలుగురిలో నిలబెట్టి అడిగినందుకు ఆయనకి బాగా కోపంగా ఉంది. మీ ముఖం కనబడకూడదన్నారు. మిగతావాళ్ళది కూడా."

మట్టి లారీ ఒకటి హారన్ కొడితే గేటు తీశాడు. అది లోపలికి వెళ్ళాక మూసేశాడు.

ఆ మధ్యాహ్నమే అచ్చాయమ్మను బస్సెక్కించాను. మిగతావాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. సీటు దొరికాక కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"హెలెన్‌ని ఏమీ అనకు వదినా. పిల్ల మంచిదే."

"మంచిదేనమ్మా" అన్నాను. అంతకంటే ఏమీ అనలేకపోయాను. చెడ్డదైతే కనీసం తిట్టుకునేదాన్ని.

బస్సు కదిలి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. అంతలో ఫోన్ మోగింది. హెలెన్.

"అమ్మా, దొరబాబుగారు ప్రిన్సిపాల్‌తో గొడవపడ్డారట. సర్లే, అది నేను చూసుకుంటాను. మన ప్రాజెక్టుకి ఫస్ట్ ప్రైజు వచ్చింది. వచ్చే ఏడు కూడా నన్నే లీడర్‌గా ఉండమన్నారు. కోరంగి వైపు రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్తాం. నువ్వు నా దగ్గరికి వచ్చేయమ్మా, ఇంక అక్కడేముంది?"

"ఆ ఊళ్ళో ముసలివాళ్ళు ఏ పని మీద బతుకుతున్నారో ముందు చూడు" అన్నాను. "దాని జోలికి పోకు."

ఎప్పుడూ హెలెన్ పెట్టేసేదాకా ఫోను చెవి దగ్గరే ఉంచుకుంటాను. ఆ రోజు నేనే ముందు పెట్టేశాను.