వెనక్కి జరిగే కుర్చీ

నాంపల్లి స్టేషన్ రోడ్డులో, ఫ్యాన్లూ బల్బులూ అమ్మే దుకాణం పైన, తాగుడు మాన్పించే కేంద్రం ఒకటి ఉంది. వసుమతి అక్కడ కౌన్సెలర్. సుల్తాన్ బజార్‌లోని ఇంటి నుంచి ఆబిడ్స్ మీదుగా నడిచి వచ్చి, కిటికీ తెరిచి, ఫ్యాను వేసి, తర్వాత వరండాలోకి పోయి కుర్చీని ఈడ్చుకొస్తుంది. వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ అది. కూర్చున్నవాళ్లకు ఎవరైనా నీతులు చెబితే మనిషితో సహా వెనక్కి జరుగుతుంది. తాగడానికి వాళ్లే కారణాలు చెప్పుకుంటే ఇంకా జోరుగా పోతుంది. ఆ మధ్య ఒక రిటైర్డ్ గుమాస్తాను అలాగే మెట్లు దింపి, రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న వైన్ షాపు ముందు దించింది. ట్రాఫిక్ పోలీసు ఆటోలను ఆపి దారిచ్చాడు. వాచ్‌మన్ సాయన్న కుర్చీని భుజాన వేసుకుని తెచ్చి, "జర మెల్లగ మాట్లాడున్రి మేడం, నాకు నడుం నొప్పి" అన్నాడు.

అందుకే వసుమతి సలహాలివ్వదు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని ట్రైనింగులో నేర్పిందీ ఇదే. మానెయ్యమని మనం అనకూడదు. అడగాలి, వినాలి, వాళ్లన్న మాటను వాళ్లకే తిరిగి వినిపించాలి. మారాలన్న మాట వాళ్ల నోటి నుంచే రావాలి. వినడానికి హాయిగానే ఉంటుంది. ఎదురుగా మనిషి కరిగిపోతుంటే చేతులు ముడుచుకుని "ఇంకా చెప్పండి" అనడం ఎంత నరకమో మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేదు.

దుర్గయ్య మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల పెట్టెలు మోసే హమాలీ. భార్య పోశవ్వ లాక్కొస్తే వస్తున్నాడు. మొదటి రోజే ఆమె పక్కన నిలబడి "సిగ్గు లేదు, శరం లేదు" అని అందుకునేసరికి కుర్చీ పోయి గోడకు కొట్టుకుంది. అప్పట్నుంచి ఆమెను బయట మెట్ల మీద కూర్చోబెడుతున్నారు.

"నువ్వేంది బిడ్డా, ఉట్టిగ అడుగుడే గని ఏం చెప్పవు?" అంది పోశవ్వ ఒకసారి. "సదువుకున్నదానివి. ఒక్కపారి గట్టిగ తిట్టరాదు?"

"తిడితే మానేస్తడా అక్కా? మీరు తిట్టలేదా?"

పోశవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఈ సోమవారం దుర్గయ్య కళ్లు పచ్చబడి ఉన్నాయి. ఇంకా తాగితే దసరా చూడడని దవాఖానలో డాక్టరు దాచకుండా చెప్పాడట. మెట్ల దగ్గర పోశవ్వ ఆ మాట వసుమతి చెవిన వేసింది. అయినా వసుమతి ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"దుర్గయ్యన్నా, మానాలని మీకు ఎంతుంది? సున్నా అంటే అసలే లేదు, పది అంటే ఇప్పుడే మానేస్త. ఈ రెండిటి నడుమ మీరెక్కడున్నరు?"

దుర్గయ్య ఫ్యాను వైపు చూశాడు. "రెండు."

ఇక్కడ అడగాల్సింది ఒకటే. రెండెందుకు, సున్నా ఎందుకు కాదు అని. అలా అడిగితే మానడానికి తన దగ్గరున్న కారణాలను మనిషి తానే వెతుక్కుంటాడు. నిద్రలో లేపి అడిగినా వసుమతి ఈ సంగతి చెప్పగలదు. కానీ ఆ పచ్చటి కళ్లు చూసేసరికి ఆమెకు మతి పోయింది.

"రెండేనా? గంత తక్కువేంది అన్నా?" అనేసింది.

ఇంకేముంది, తనను తాను వెనకేసుకు రావాల్సి వచ్చేసరికి దుర్గయ్యకు మాటలు తన్నుకొచ్చాయి. "తక్కువ గాకేంది మేడం? పొద్దంత పెట్టెలు మోస్తే పెయ్యి పచ్చి పుండైతది. తాగకుంటే నిద్ర వడదు. మా మేస్త్రి తాగుతడు, సేటు తాగుతడు, ఆళ్లకేం కాలే. మా నాయిన తాగుకుంటనే ముసలోడైండు..." మాటమాటకూ కుర్చీ వెనక్కి పోతోంది. గడప దాటింది. వసుమతి పరిగెత్తుకెళ్లి కుర్చీ చెయ్యి పట్టుకుని లాగింది.

"ఆగండి అన్నా! చచ్చిపోతరు! పోశవ్వ ఏం కావాలె? ఇయ్యాల్నే మానెయ్యండి!"

తప్పు మీద తప్పు. కుర్చీ ఆమెను విదిలించుకుని మెట్లు దిగసాగింది. పోశవ్వ గోడకు ఒత్తిగిలి దారిచ్చింది, పాపం, ఇంకేం చేస్తుంది? సగం మెట్లు దిగాక దుర్గయ్యకు దగ్గు తెర వచ్చి మాట ఆగింది. కుర్చీ కూడా ఆగింది.

వసుమతి పై మెట్టు మీద కూలబడింది. కింద బస్సుల హారన్లు, ఎదురు షాపు షట్టరు ఎత్తుతున్న చప్పుడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"నాతోని అయితలేదన్నా," అంది. "మీ బతుకు నా చేతుల లేదు."

కుర్చీ కదల్లేదు.

"ఒక్కటి అడగనా? రెండన్నరు. సున్నా అని ఎందుకనలేదు?"

దుర్గయ్య తన చేతులు చూసుకున్నాడు.

"పొద్దుగాల ఇది ఛాయ్ ఇస్తది," అన్నాడు పోశవ్వను చూడకుండా. "నా చేతులు వణికి కప్పు సాసర్ల టకటక కొట్టుకుంటది. గా చప్పుడు ఇనంగనే ఇది అటు మొకం తిప్పుకుంటది, నేను సిగ్గువడ్తనని. దినమంత తిడ్తది గని, గప్పుడు మాత్రం ఏమనది." చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. "ఒక్కరోజన్న చప్పుడు గాకుండ ఛాయ్ తాగాలె మేడం. ఇది నా దిక్కు జూస్తుండంగ."

కుర్చీ ఒక మెట్టు పైకెక్కింది.

శెభాష్ అన్న మాట వసుమతి నోటిదాకా వచ్చింది. పళ్ల బిగువున ఆపుకుంది. "ఆమె చూస్తుండగా తాగాలె," అని మాత్రం అంది.

"ఔ." కుర్చీ ఇంకో మెట్టు ఎక్కింది. "దవాఖానల పండవెట్టి మాన్పిస్తరట గద. గాడుంటే వణుకుడు తగ్గుతదా?"

"నాకు తెలిసింది చెప్పమంటరా?"

"చెప్పున్రి."

"తగ్గొచ్చు. తగ్గకపోవచ్చు. లివర్ బాగవుతదని కూడా నేను మాటియ్యలేను అన్నా."

ఇంత నిజం విన్నాక కుర్చీ కిందికి జారిపోతుందనే అనుకుంది. జారలేదు. గోడకానుకున్న పోశవ్వ, పొరపాటున ఏమంటానో అని, రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. దుర్గయ్య కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు. గోడ పట్టుకుని, తన కాళ్ల మీద తాను మెట్లు దిగాడు. పోశవ్వ వెనకాలే దిగింది.

వసుమతి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. ఎదురుగా వైన్ షాపు. దుర్గయ్య రోడ్డు పక్కన నిలబడి దాన్ని అలాగే చూస్తున్నాడు. పై నుంచి ఆమె చేయగలిగింది ఏమీ లేదు. చివరికి అతను దవాఖాన వైపు పోయే ఆటో కోసం చెయ్యెత్తాడు. చెయ్యి వణికిపోతోంది. పోశవ్వ అటు ముఖం తిప్పుకుంది.

ఆటో ఆగింది.