గుండీ వరస

పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చేసరికి దర్జీ దగ్గర ఒక్క మాటే మిగిలింది. "అదే."

మంచినీళ్లు కావాలన్నా అదే. కిటికీ తెరవమన్నా, మూయమన్నా అదే. చిరాకు పుడితే కాస్త గట్టిగా అదే. మనం అనేదంతా ఆయనకు అర్థమవుతోందని, చెప్పాల్సింది కూడా లోపల భద్రంగానే ఉందని, అది నోటిదాకా వచ్చే దారి మాత్రం దెబ్బతిన్నదని డాక్టరు చెప్పింది. కుడిచెయ్యి కూడా సరిగ్గా లేవడం లేదు. రెండూ నెమ్మదిగా కొంత తిరిగి రావచ్చు, ఎంత అనేది ఇప్పుడే చెప్పలేం అంది.

ఆ మనిషి మామూలు మాటకారి కాదు. ఇంటి కిందే కుట్టు దుకాణం. అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపేవాళ్లు. తమ్ముడు తలవంచుకుని మిషను తొక్కుతుంటే అన్న మెడలో టేపు వేసుకుని కొలతలు తీసేవాడు. భుజం కొలిచేలోపు ఎదుటివాళ్ల ఉద్యోగం సంగతి, నడుము కొలిచేలోపు ఇంటి సంగతి రాబట్టేవాడు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కడుపులోదంతా చెప్పుకుని తేలికపడి వెళ్లేవాళ్లు. "మీ అన్నయ్య కొలత తీస్తాడా, ఇంటర్వ్యూ తీస్తాడా?" అని తమ్ముడిని ఆటపట్టించేవాళ్లు.

కూతురు పుట్టినప్పుడు గుండ్రటి మొహం చూసి ఆయనే గుండీ అని పేరు పెట్టాడు. స్కూల్లో వేరే పేరు ఉన్నా ఇంట్లో, వీధిలో అదే ఖాయమైపోయింది. ఆ గుండీ ఇప్పుడు డిజైన్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతోంది.

ఇంట్లో రోజూ ఒక పరీక్ష నడిచేది. ఆయన "అదే" అనగానే ముగ్గురూ చుట్టూ మూగేవాళ్లు.

"దాహమా?" అనేది అమ్మ.

"కళ్లజోడు కావాలా?" అనేది గుండీ.

"ఫ్యాను ఎక్కువైందా అన్నయ్యా?" అనేవాడు బాబాయి.

ఆయన తల అడ్డంగా ఊపీ ఊపీ చివరికి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అడిగినవాళ్లకి ఏడుపు వచ్చేది. ఎవరి ఏడుపు వాళ్లు వేరే గదిలోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేవాళ్లు.

కాలేజీలో ఆ టర్ము గుండీకి కత్తెర మేడమ్ క్లాసు. అసలు పేరు ఎవరూ అనరు. పిల్లలు ఏది గీసి తెచ్చినా అందులో సగం తీసెయ్యమంటుంది కాబట్టి ఆ పేరు. సమాచారాన్ని ఎలా అమర్చాలి, ఎలా చూపించాలి అన్నది ఆమె చెప్పే పాఠం. మొదటి రోజే అందరి సంచులూ బల్లమీద బోర్లించమంది. పెన్నులు, తాళంచెవులు, నలిగిన టిష్యూలు, దువ్వెనలు, సగం తిన్న బిస్కెట్లు బయటపడ్డాయి.

"వీటిని రంగు ప్రకారం పేర్చండి," అంది. పేర్చారు. "ఇప్పుడు బరువు ప్రకారం." పేర్చారు. "ఇప్పుడు, పోతే ఎక్కువ బాధపడేది ముందు."

ఆ మూడోసారి పేర్చడానికి ఎక్కువసేపు పట్టింది. ఒకమ్మాయి పాత రబ్బరుముక్కని ఫోనుకంటే ముందు పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

"వస్తువులు మారలేదు," అంది మేడమ్. "మీరు పేర్చిన తీరు మారింది. చూసేవాళ్లకి తెలిసేదీ మారింది. ఈ టర్మంతా మనం చేసే పని ఇదే."

తరవాత ఇచ్చిన పని: మీకు తెలిసిన ఒక్క మనిషిని ఎంచుకోండి, వాళ్లకి రోజూ ఎదురయ్యే ఒక ఇబ్బంది ఒకే ఒక్క కాగితంతో తీరాలి. గుండీ ఆలోచించాల్సిన అవసరమే లేకపోయింది.

వారం రోజులు కూర్చుని ఒక పెద్ద అట్ట తయారుచేసింది. తిండి, బట్టలు, ఒళ్లు, ఇల్లు, మనసు అని గళ్లు. ఒక్కో గడికి ఒక్కో లేత రంగు. ఒక్కో గడిలో సన్నటి గీతలతో బొమ్మలు. గ్లాసు, దుప్పటి, మాత్ర, నవ్వు మొహం, ఏడుపు మొహం. క్లాసులో పెట్టగానే పక్కవాళ్లు ఫోటోలు తీసుకున్నారు.

మేడమ్ చాలాసేపు చూసింది. "చాలా శుభ్రంగా ఉంది. మీ నాన్నగారు చూశారా?"

"ఇంకా లేదు మేడమ్. ముందు మీకు చూపించి..."

"నాకు మాటలు బాగానే వస్తున్నాయి కదమ్మా."

గుండీ ఆ సాయంత్రమే అట్ట తీసుకెళ్లి తండ్రి ఒళ్లో పెట్టింది. ఆయన ఎడమ చేత్తో అట్టని తడిమాడు. కూతురు గీసింది కదా, కళ్లల్లో వెలుగు కనిపించింది. కానీ వేలు ఒక గడి మీంచి ఇంకో గడి మీదికి తిరుగుతూ ఎక్కడా ఆగలేదు. చాలాసేపటికి బాత్రూం బొమ్మమీద ఆగింది.

"బాత్రూంకా? రండి నాన్నా," అని గుండీ సంబరంగా లేచి ఆయన చంకకింద చెయ్యి వేసింది. ఆయన ఆ చేతిని తోసేశాడు. మళ్లీ అదే బొమ్మ చూపించాడు. ఆమె మళ్లీ పట్టుకోబోయింది. ఈసారి అట్టనే తోసేశాడు. అది మంచంమీంచి జారి మూల విరిగింది.

గుండీ అట్ట తీసుకుని మెట్లమీద కూర్చుంది. కాసేపటికి అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆయన కోపం నీమీద కాదే."

"తెలుసమ్మా. కానీ ఎవరిమీదో తెలియట్లేదు."

మర్నాడు విరిగిన అట్టతోనే క్లాసుకి వెళ్లింది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. మేడమ్ ఓదార్చలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఈ గళ్లు ఎవరివి? తిండి, బట్టలు, ఒళ్లు. ఇలా విడగొట్టింది ఎవరు?"

"నేనే."

"ఆయన బుర్రలో కూడా ఇలాగే ఉందని ఎలా తెలుసు?"

గుండీ విరిగిన అట్ట మూలని వేలితో సరిచెయ్యబోయింది.

"గళ్లు కత్తిరించెయ్. ముక్కలు ఆయన ముందు పొయ్. సంచుల రోజు మీరు చేసినట్టు ఆయన్నే పేర్చనివ్వు. నువ్వు మాత్రం మాట్లాడకు, చెయ్యి పెట్టకు. ఊరికే చూడు." లేస్తూ అంది, "చూడటం చాలా కష్టమైన పని. నాకింకా పూర్తిగా రాలేదు."

ఆదివారం దుకాణం మూసి ఉంది. బాబాయి అన్నని మెల్లగా కిందికి దింపి, బట్ట కత్తిరించే పెద్ద బల్లముందు కూర్చోబెట్టాడు. చొక్కాల మడతల్లో పెట్టే అట్టలు తెచ్చి అరచేయంత ముక్కలుగా కోసిచ్చాడు. గుండీ వాటిమీద బొమ్మలు కొత్తగా గీసింది, ఈసారి లావు గీతలతో. అన్నీ బల్లమీద కుప్పగా పోసింది.

"మీ ఇష్టం వచ్చినట్టు పేర్చండి నాన్నా," అని పెదవులు బిగించుకుని కూర్చుంది.

ఆయన కుప్పలోకి చాలాసేపు చూశాడు. తరవాత ఎడమ చేత్తో ఒక్కో ముక్కా లాగడం మొదలుపెట్టాడు. గ్లాసు, మాత్రలు, దుప్పటి, కిటికీ ఒకచోట చేర్చాడు. బాత్రూం, సబ్బు, గడ్డం గీసుకునే రేజరు, ప్యాంటు ఇంకోచోట. గ్లాసుకీ కిటికీకీ ఏమిటి సంబంధమో గుండీకి అర్థం కాలేదు. అడగాలని నాలుక కొస దాకా వచ్చింది. ఊరుకుంది.

ఆయన మొదటి గుంపుని అరచేత్తో నెట్టుకుంటూ తీసుకెళ్లి బల్లకి అటుపక్క కూర్చున్న భార్య ముందు పెట్టాడు. రెండో గుంపుని తమ్ముడి ముందుకి తోశాడు.

ముందు బాబాయికే తట్టింది.

"నన్ను పిలవమన్నావా అన్నయ్యా? బాత్రూంకి వెళ్లాలంటే నన్ను పిలవమనా?"

"అదే," అన్నాడు ఆయన. ఇన్నాళ్లుగా విన్న అదే కాదు ఇది. బరువు దించుకున్న మనిషి విడిచే ఊపిరిలా వచ్చింది. కూతురివైపు చూడలేక బల్లమీద చాక్‌పీసు గీతలు చూస్తూ కూర్చున్నాడు.

తను చంకకింద చెయ్యి వేస్తే ఆయన ఎందుకు తోసేశాడో గుండీకి ఇప్పుడు తెలిసింది. చిన్నప్పటినుంచి తన గౌను కొలతలు తీసిన మనిషి, కూతురు తనని బాత్రూంకి తీసుకెళ్లడం ఓర్చుకోలేకపోయాడు. ఏం కావాలి అన్న ప్రశ్న చుట్టూ తను అట్టంతా గీసింది. ఆయనకి కావాల్సింది ఎవరు కావాలో చెప్పడం.

కానీ ఆమె ముందు ఒక్క ముక్క కూడా పెట్టలేదు. అది గమనించి, గమనించనట్టు ఉండబోయింది. తనతో ఆయనకి ఏ అవసరమూ లేదన్నమాట. కుప్పలో మిగిలిన ముక్కల్ని ఆయన ఒక్కొక్కటే ఎత్తి చూసి పక్కన పడేస్తున్నాడు. ఆఖరికి చెయ్యి చాచి గుండీల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. వెతికి వెతికి ఒక పెద్ద నీలం గుండీ తీసి కూతురి ముందు పెట్టాడు. దాని పక్కన అట్టముక్కల్ని బోర్లా తిప్పి, ఖాళీ వైపు పైకి వచ్చేలా, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి పేర్చుకుంటూ పోయాడు.

"నాకన్నీ ఖాళీవా నాన్నా?"

"అదే. అదే." కాదన్నట్టు తల ఊపాడు. తన గుండెమీద వేలు పెట్టుకుని, ఆ వేలిని ఆమెవైపు తిప్పాడు. మళ్లీ అదే చేశాడు.

గుండీ ఆ ఖాళీ ముక్కల్ని చూసింది. తను గీసినవన్నీ ఆయన అడగాల్సినవి. మాత్ర ఇమ్మని, దుప్పటి కప్పమని. మాట పోయినవాడికి అడగడం తప్ప ఇంకేం పని ఉంటుందనుకుంది.

"నాతో ఏమైనా చెప్పాలా?" మెల్లగా అంది. "తిన్నావా అనా?"

ఆయన కళ్లు నిండాయి. "అదే."

"జాగ్రత్తగా వెళ్లిరా అనా?"

"అదే."

"ఎందుకింత చిక్కిపోయావు?" అంది అమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"అదే."

"ఆ ఫోను కింద పెట్టి నా మొహం చూడు అనేగా?" అన్నాడు బాబాయి.

"అదే, అదే, అదే," అని ఆయన నవ్వాడు. నోరు ఒకపక్కకే సాగినా, జబ్బుపడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ తరవాత ముగ్గురూ పోటీపడి అడిగారు. ఒకప్పుడు ఏడిపించిన పరీక్ష ఇప్పుడు ఆటైపోయింది. బాబాయి కావాలనే తప్పులు చెప్పాడు. ఆయన ఎడమ చేత్తో తమ్ముడి నెత్తిన ఒక్కటి వేశాడు.

అట్ట వద్దనుకున్నారు. బాబాయి మందపాటి బట్టతో ఒళ్లో పరుచుకునేంత గుడ్డ కుట్టాడు, దానికి పారదర్శకంగా ఉండే జేబులు పెట్టి. ముక్కల్ని మార్చుకోవచ్చు, గుడ్డని మడిచి పెట్టుకోవచ్చు. అమ్మకో వరస, బాబాయికో వరస, కూతురికో వరస. అమ్మ వరసకి గుర్తుగా ముందు ఆవిడ పాత చీర ముక్క, బాబాయి వరసకి టేపు ముక్క, గుండీ వరసకి ఆ నీలం గుండీ.

బొమ్మల దగ్గరే గుండీ చిక్కుకుపోయింది. నాకు అన్నం కావాలి అనడానికి పళ్లెం గీస్తాం. నువ్వు తిన్నావా అనడానికి ఏం గీస్తాం? పళ్లెం పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. నోరు గీసింది. బాణాలు గీసింది. ఎంత చేరిస్తే అంత గందరగోళం అయింది. విసిగిపోయి అన్నీ కొట్టేసి, అమ్మ వరసలో ఉన్న పళ్లెమే ఇంకోటి తీసి గుండీ వరసలో పెట్టింది. తండ్రి దాన్నీ దీన్నీ చూశాడు. అమ్మ వరసలో పళ్లెం తాకి తన కడుపు చూపించాడు. గుండీ వరసలో పళ్లెం తాకి కూతురి కడుపు చూపించాడు. ఇంకేమీ గీయనవసరం లేకపోయింది.

క్లాసులో గుడ్డ పరిచినప్పుడు ఈసారి ఎవరూ ఫోటోలు తీసుకోలేదు. చూడటానికి అది అంత గొప్పగా ఏమీ లేదు. మేడమ్ మాత్రం వరసల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగింది, విన్నది. రెండు పళ్లేల దగ్గర వేలు ఆపి కాసేపు అలాగే ఉంచింది.

"ఈ నవ్వు మొహం, ఏడుపు మొహం వాడుతున్నారా?"

"లేదు మేడమ్. మొహం ఆయనకే ఉంది కదా."

"అయితే తీసెయ్," అంది మేడమ్. వరసలకి వాడిన గోధుమరంగూ ఎరుపూ సాయంత్రం వెలుతురులో ఒకేలా కనిపిస్తాయి, అది కూడా మార్చమంది. మార్కులు పర్వాలేదనిపించేలా వచ్చాయి. గది ఖాళీ అయ్యాక మాత్రం "మా అమ్మకి కూడా చివర్లో మాట పోయింది. నేను మాత్రలవరకే గీశాను," అని చెప్పి, కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి ఆయన రోజూ కాసేపు దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం గుండీ కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. లోపల బాబాయి ఒక పెద్దాయన భుజాలు కొలుస్తున్నాడు. నాన్న ఒళ్లో గుడ్డ పరుచుకుని ఉన్నాడు. ఆయన వేలు గుండీ వరసలో పళ్లెంమీద ఉంది.

"ఆఁ, తిన్నానయ్యా," అంటున్నాడు పెద్దాయన. "తినక ఏం చేస్తాం. కోడలు మంచిదే. ఒంటరిగా తినాలంటేనే ముద్ద దిగట్లేదు."

నాన్న వేలు పక్క బొమ్మమీదికి జరిగింది. పెద్దాయన కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని ఇంటి సంగతులన్నీ చెప్పుకుపోయాడు. టేపు పట్టుకున్న బాబాయి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

తన వరస ఇంకొకరికి వాడేస్తున్నాడని గుండీకి ఒక్క క్షణం ఉక్రోషం వచ్చింది. మరుక్షణమే నవ్వొచ్చింది. పెద్దాయన వెళ్లాక సంచి పక్కన పడేసి బల్లముందు కూర్చుని, చొక్కా అట్ట ఒకటి లాక్కుంది.

"చెప్పండి నాన్నా. కొలతలకి వచ్చేవాళ్లని ఏమేం అడగాలి?"

ఆయన కాళ్లు చాపుకుని, తీరిగ్గా ఆలోచించసాగాడు. బాబాయి గుడ్డ అంచు పట్టుకుని చూసి, ఇంకో వరస కలపడానికి దారం ఎక్కిస్తూ గొణిగాడు.

"మీ నాన్న సంగతి నాకు తెలుసే. ఇది దుప్పటి అయ్యేదాకా ఆగడు."