సుంకులమ్మ తొండల శాస్త్రము

రోహిణి కార్తె మధ్యాహ్నము. గగనమధ్యమున నిలిచిన చండభానుడు భూమియందలి తేమనెల్ల పీల్చియు తృప్తి చెందక రాళ్ళలో దాగిన చల్లదనమును సైతము వెదకి వెలికి లాగుచున్నట్లుండెను. హగరి యేటి యిసుక వెండిరేకువలె తళతళలాడుచు చూపఱుల కన్నులకు మిఱుమిట్లు గొల్పుచుండెను. తుమ్మచెట్ల పలుచని నీడలలో గొఱ్ఱెలు ఒకదాని పొట్టక్రింద నొకటి తలలు దూర్చి రొప్పుచుండెను. పక్షులు కూయుట మాని జనులు మాటలాడుట మాని గాలి సైతము వీచుట మఱచిన యా వేళ ఉప్పరాళ్ళపల్లెకు వెలుపలి గుండ్లదిబ్బపై మాత్రము మహోత్సవమొకటి జరుగుచుండెను. నిప్పువలె కాలుచున్న ప్రతి గుండుపైనను ఒక మగతొండ ముంగాళ్ళపై లేచి నిలిచి గొంతు క్రింది చర్మమును విసనకఱ్ఱవలె విప్పుచు ముడుచుచు అందలి నీలము నలుపు నారింజ వన్నెలను దిక్కులకు చాటుచుండెను. బూడిదవన్నె మేని యాడతొండలు కసవు మొదళ్ళలో నిలిచి ఏమియు పట్టనట్లు అన్నియు చూచుచుండెను.

ఆ యుత్సవమునకు మనుష్యలోకమునుండి వచ్చిన ప్రేక్షకురాలు ఒక్కతెయే. తలపై తడిగుడ్డ కప్పుకొని కన్నులకు దుర్భిణి యానించుకొని చెమట ధారలుగా కాఱుచున్నను కదలక మెదలక కూర్చున్న యా యువతి పేరు సుంకులమ్మ. కంబళ్ళు నేయు నింట పుట్టి గొఱ్ఱెల వెంట నడచి పెరిగిన యామె చదువునందలి యాసక్తి యొక్కటే తోడుగా పట్టణము చేరి కళాశాలను దాటి సముద్రతీరమందలి విశ్వవిద్యాలయమున ప్రాణికోటి కాలక్రమమున ఏల మాఱునో ఎట్లు మాఱునో విచారించు పరిణామశాస్త్రమున పరిశోధకురాలయ్యెను. ఏ జంతువును పరిశీలింతువని గురువు ప్రశ్నించినపుడు ఏనుగనియు పులియనియు తోడివారు చెప్పుకొనుచుండగా ఆమె తడుముకొనక తొండయని యనెను. గది యంతయు నవ్వెను. గురువు మాత్రము నవ్వలేదు.

ఆ గురువు ఆచార్య శఠగోపాచార్యులు. నొసట తిరుమణితో భుజమున ఉత్తరీయముతో పురాణకాలపు పండితునివలె కనుపించు నాయన సరీసృపముల విషయమున దేశమెల్ల ప్రమాణముగా నెంచు విద్వాంసుడు. తొండ గొంతు రంగు అది నివసించు మట్టివలన కలుగుననియు నల్లరేగడిలో పుట్టినది నీలకంఠమగుననియు ఎఱ్ఱనేలలో పుట్టినది శ్వేతకంఠమగుననియు ఆయన యౌవనమున వెలువరించిన సిద్ధాంతము ముప్పది యేండ్లుగా పాఠ్యగ్రంథములలో నిలిచియుండెను. ఆ సిద్ధాంతమునకు మఱికొన్ని నిదర్శనములు కూర్చి తెమ్మనియే ఆయన సుంకులమ్మను ఆమె పుట్టినయూరికి పంపెను.

కుమార్తె పట్టణమున పెద్దచదువు చదివి తిరిగివచ్చినదని పొంగిపోయిన తల్లి చౌడమ్మ ఆ చదువు తొండల కొఱకని విని తల పట్టుకొనెను. పిదప దినమున కొకసారి దిబ్బకు మజ్జిగ చెంబుతో వచ్చి పోరు పెట్టుచుండెను.

“మే పాపా, ఇంత సదువు సదివి ఈ ఎండలో తొండల్ని సూసుకుంటా కూసున్నావే, ఊరోళ్ళు అడిగితే నేనేం సెప్పల్ల?”

“నా కూతురు తొండలకు సంబంధాలు సూస్తాంది అని సెప్పు మా” అని సుంకులమ్మ దుర్భిణి దింపకయే బదులు చెప్పెను.

అది పరిహాసమే యైనను సత్యమునకు మిక్కిలి చేరువగా నుండెను. ఏలయన ఆ దిబ్బ ఎఱ్ఱమట్టి దిబ్బ. గురువుగారి సిద్ధాంతము ననుసరించి అచ్చటి గొంతులన్నియు తెల్లగా నుండవలసినవి. అవి నెమలిమెడవలె నీలముగా నుండెను. ఏటి కావలి నల్లరేగడి బీళ్ళలోనో తెల్లని గొంతులు దండిగా కనుపించెను. సుంకులమ్మ మొదట తన కన్నులనే శంకించెను. తరువాత దుర్భిణిని శంకించెను. శంకింపదగినది మఱొకటి కలదని మనసున మెదలినపుడు ఆమె దుర్భిణిని ఒడిలోనికి దింపెను. తన్ను కూతురివలె చూచి చదివించిన మహనీయుని మాటను కాదనుట యెట్లు? కాదన్నచో తన పరిశోధనపట్టమేమగును? కాదనకున్నచో తాను కన్నులార చూచినదేమగును?

తుదకు ఆమె తొండలనే యడుగ నిశ్చయించెను. వెదురు తడికలతో ఆవరణములు కట్టి కొన్నింటిలో ఎఱ్ఱమట్టియు కొన్నింటిలో నల్లరేగడియు పోయించి తెల్లగొంతుల వంశపు గుడ్లను నీలిగొంతుల వంశపు గుడ్లను రెండు నేలలపైనను పొదిగించి పిల్లలను పెంచెను. పిల్లలు పెరిగి మఱుసటి వేసవికి గొంతులు విప్పినపుడు చూడగా తెల్లవారి బిడ్డలు తెల్లగను నీలివారి బిడ్డలు నీలముగను నుండిరేగాని మట్టి మాట ఒక్కటియు వినలేదు. అంతటితో ఆమె యాగలేదు. రంగు వంశమునుండి వచ్చినదే యగుచో వంశమునకు అది ఏల వచ్చినదని మఱల గుండ్లపై కూర్చుండెను. ఆహారమగు చీమల పుట్టలు మెండుగా నున్న దిబ్బలపై ఆడతొండలు గుమిగూడి యుండుటయు వాని మెప్పునకై మగతొండలు ఒకదానితో నొకటి పోటీపడుటయు చూచెను. బీళ్ళలో ఆడతొండలు ఒంటరిగా చెదరియుండుటచే అట్టి పోటీయే లేకుండుటయు చూచెను. చక్కని నీలిగొంతు మగతొండ నొకదానిని పట్టి గొంతునకు హాని చేయని తెల్లరంగు పూసి విడిచిపెట్టగా అది యెంత విప్పి చూపినను ఆడతొండ యేదియు దాని దెస తిరిగియైన చూడదయ్యెను. రంగు కడిగి విడువగా మఱునాడే దానికి జోడు కుదిరెను. అనగా తరతరములుగా ఆడతొండల యెంపికయే మగతొండల గొంతులకు రంగు దిద్దుచు వచ్చినదని తేలెను.

సుంకులమ్మ విశ్వవిద్యాలయమునకు పోయి ఈ వృత్తాంతమంతయు గురువునకు విన్నవించెను. శఠగోపాచార్యులు కన్నులు మూసికొని చివరిదాక విని ఉత్తరీయము సవరించుకొని గదినుండి వెడలిపోయెను. ఆమె ఆ సాయంకాలము భోజనము చేయలేదు. తన చదువు ముగిసినదని తలంచి మఱునాడే మూట కట్టుకొని ఊరికి తిరిగివచ్చి దిగులుతోనే దిబ్బపై కూర్చుండెను.

వారము గడచెను. ఒక మిట్టమధ్యాహ్నము ఊరి బస్సునుండి పంచె పైకి కట్టి నల్లగొడుగు పట్టుకొని ఒక వృద్ధుడు దిగి తొండల దిబ్బకు దారి యేదని యడిగెను. దారి చూపుటకు చౌడమ్మయే ముందు నడచెను. గురువును చూచి సుంకులమ్మ దిగ్గున లేవబోగా ఆయన చేయెత్తి వారించి ఆమె ప్రక్క గుండుపై ఉత్తరీయము పఱచుకొని కూర్చుండెను. దుర్భిణి యందుకొనెను. ఎఱ్ఱమట్టిపై మొదటి నీలకంఠము విప్పారెను. రెండవది విప్పారెను. అంతట దిబ్బ యంతయు పూచిన తోటవలె నీలముతో నిండెను. ఆయన చూచెను. చూచి చూచి ఒక్కసారిగా పసిపిల్లవానివలె పకపక నవ్వెను. నవ్వుచున్న యా కన్నులనుండి నీరు కాఱెను.

“అమ్మా సుంకులమ్మా, ఇన్ని యేండ్లు నేను మట్టిని చూచితినే గాని తొండను చూడలేదమ్మా. ఎవరో పంపిన సీసాలలోని చచ్చిన తొండలను లెక్కపెట్టుకొని సిద్ధాంతము చెప్పితిని. ఇవి బ్రతికియున్నవి సుమా!”

“తమరికి నాపై కోపము రాలేదా?”

“వచ్చినది. మూడు దినములు వచ్చినది. నాలుగవ దినమున ఎట్లైనను ఇవి చూడవలెనని ప్రాణము కొట్టుకొన్నది. అది సరి గాని పెండ్లికొడుకునకు వెల్ల వేసి వేడుక చూచితివట! ఆ పాపము నీదే, నాకు పాలు లేదు” అని ఆయన మఱల నవ్వెను. ఆమెకును నవ్వాగలేదు. వెనుక నిలిచిన చౌడమ్మ ఇంత పెద్దాయన ఇంత యెండలో ఇంతగా నవ్వుటకు హేతువేమో తెలియకపోయినను ఆయనకు మజ్జిగ పోసి తానును నవ్వెను.

ఆ యేటి శాస్త్రపరిషత్తులో సుంకులమ్మ తన పరిశోధనను చదువుచుండగా సభలో గుసగుసలు చెలరేగెను. గురువునే ధిక్కరించిన శిష్యురాలని యొకరనిరి. అప్పుడు శఠగోపాచార్యులు లేచి వేదిక నెక్కి “నా సిద్ధాంతము తప్పు. ఈ బిడ్డ చెప్పినది ఒప్పు. సందేహమున్నవారు గొడుగు తీసికొని నాతో రండు, రోహిణి కార్తెలో చూపెదను” అని పలికెను. సభ యంతయు చప్పట్లతో మార్మోగెను.

అది మొదలు సుంకులమ్మ కీర్తి ఏటి వఱదవలె గట్లు దాటి పాఱెను. ప్రాణిని దాని నేలనుండి మార్చి పెంచి వంశమేదో వాతావరణమేదో వేఱుపఱచి చూచు నామె తడికల పద్ధతిని దూరదేశముల పండితులు పక్షులకును చేపలకును కీచురాళ్ళకును వర్తింపజేసిరి. ఆమె వ్రాసిన గ్రంథము అనేక విశ్వవిద్యాలయములలో పాఠ్యమయ్యెను. గురువు విరమించిన పీఠమున ఆమె ఆచార్యురాలయ్యెను. పల్లెలనుండి వచ్చిన బాలికలు ఆమె శిష్యురాండ్రై ఒకతె పేడపురుగులను ఒకతె గుంటచేపలను పరిశోధించుచు ఎవరు నవ్వినను తలవంచక తమ తమ ప్రాణులను గూర్చి గర్వముగా చెప్పుకొనుచుండిరి. సుంకులమ్మ మాత్రము ప్రతి వేసవియందును ఏదో యొక దిబ్బపై తలకు తడిగుడ్డ చుట్టుకొని కూర్చుండుట మానలేదు.

అట్టి యొక వేసవిలో ఎఱ్ఱమల కొండల అంచున శాస్త్రలోకమెన్నడు నెఱుగని క్రొత్తజాతి తొండ యామె కంట పడెను. దాని గొంతు నీలమును గాదు తెలుపును గాదు. మంగళస్నానమునకు అరగదీసిన పచ్చిపసుపు వన్నె. క్రొత్తజాతిని కనుగొన్నవారికి నామకరణాధికారము కలదు. అందఱు గురువు పేరు పెట్టునని యెదురుచూచిరి. పండుముదుసలియైన శఠగోపాచార్యులు కబురు విని “నా పేరు తప్పుడు సిద్ధాంతముతో చిరస్థాయిగనే యున్నది. తొండకు కూడ తగిలింపకుము” అని నవ్వుచు వారించెను. సుంకులమ్మ యోచించి లోకమంతటి శాస్త్రగ్రంథములలో ఆ జాతికి చౌడమ్మ పేరు పెట్టెను.

ఈ వార్త చెప్పుటకు కుమార్తె ఊరికి వచ్చినపుడు వృద్ధురాలైన చౌడమ్మ నోట చేయి పెట్టుకొనెను.

“తొండకు నా పేరు పెట్టినావా? ఊరోళ్ళు నన్ను సూసి నగరా మే!”

“నగనీలే మా. మనం పోయినా ఆ పేరు పోదు. ఏ దేశమోళ్ళు ఆ తొండను సూసినా నీ పేరే పలకల్ల.”

చౌడమ్మ నోటిమీది చేయి దింపెను. ఆ తరువాత మెల్లగా “ఎట్లుంటాది అది?” అని యడిగెను.

“గొంతుకు పసుపు పూసుకున్నట్టుంటాది.”

“అయితే రేపు సూపీ” అని ఆమె పెట్టె తెఱచి మంచిచీర వెదకుకొనెను.

మఱునాడు ఎండ యెక్కిన వేళ తల్లీకూతుండ్రు ఎఱ్ఱమల అంచున నిలిచిరి. గుండుపైకి ఎగబ్రాకిన యొక చిన్ని ప్రాణి ముంగాళ్ళపై నిలిచి అటునిటు చూచి పచ్చని గొంతు విప్పెను. పట్టుచీర కొంగు తలపై కప్పుకొన్న చౌడమ్మ వంగిన నడుమును తనకు తెలియకయే నిక్కించి నిలిచి ఇంటికి వచ్చిన చుట్టమును చూచునట్లు దానిని ఆదరముతో చూచెను.

“సక్కగుండావు నాయనా” అని ఆమె పలికెను. “నా పేరు మాత్రం సెడగొట్టొద్దు.”

సుంకులమ్మ నవ్వు ఆ కొండ అంచున గలగల ప్రతిధ్వనించెను. మహామహులు వేసిన బిరుదుదండలు ఎన్నియో ఆమె మెడలో వాడిపోయినవి గాని తాను చేసిన శాస్త్రమునకు ఇంతకు మించిన సత్కారము ఆమె యెఱుగదు. ప్రాణులను ప్రేమించి చూచువారికి ప్రకృతి తన గుట్టు విప్పును. ఆ తొండ చౌడమ్మ మాట వినెనో లేదో తెలియదు గాని కసవు మొదట ఏదో బూడిదవన్నె కదలగా గుండు కొసకు చేరి మఱింత యెత్తుగా నిలిచి పసుపు గొంతును ఎండలో నిండుగా విప్పెను.