గిలకకు వేలాడిన దూత

మైపాడులో టైలరు జీవానందమంత పిరికివాడు ఇంకొకడు లేడు. ఆ మాట ఊళ్ళోవాళ్ళు చాటున చెప్పుకునేది కాదు, మిషను తొక్కుతా తనే చెప్పుకునేవాడు. బల్లి మీద పడితే కేక, ఉరిమితే దుప్పటి. సముద్రం సంగతి సరేసరి, ఒడ్డునే పుట్టి పెరిగినా మోకాలు దాటి నీళ్ళలోకి దిగిన పాపాన పోలేదు. "నేను పుట్టినప్పుడు మంత్రసాని గట్టిగా తుమ్మిందంట. ఆ దడ ఇంకా దిగలా" అనేవాడు. ముందుగా తనే నవ్వేస్తే ఎదుటోడు నవ్వేదానికి ఏమీ మిగలదని ఆయన ఉపాయం.

అట్లాంటి మనిషికి ఏడాదికొక్క సాయంత్రం ధైర్యం వచ్చేది. క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం ఆయనదే. తెల్ల అంగీ తొడుక్కుని, గొర్రెల కాపరుల ముందుకొచ్చి, చెయ్యెత్తి "భయపడకుడి!" అన్నాడంటే పందిరంతా గమ్మునైపోయేది. ఆ మాట అనేటప్పుడు ఆ గొంతు తనది కాదేమో అనిపించేది. ఏడాదంతా నవ్వించే మనిషిని ఆ పూట మాత్రం జనం నమ్మేవాళ్ళు. ఆ నమ్మకమంటే ఆయనకు ప్రాణం.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఆ వేషానికే ఎసరొచ్చింది. నెల్లూరులో ట్రైనింగు ముగించుకుని క్రీస్తురాజు అనే కుర్ర బడిపంతులు ఊళ్ళోకి దిగినాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. "దూతకు పొట్టేందండీ?" అని సంఘం పెద్దల ముందే అడిగేసినాడు. అందరూ జీవానందం పొట్ట వైపు చూసినారు. జీవానందం కూడా చూసుకున్నాడు. కాదనేదానికి లేదు, అంగీ రెండుసార్లు తనే వదులు చేసుకున్నాడు మరి. పాస్టరు జ్ఞానప్రకాశంగారు మధ్యేమార్గం చెప్పినాడు. "ఈసారికి జీవానందమే. జనం మెచ్చుకోకపోతే వచ్చే ఏటినుంచి క్రీస్తురాజు."

అంతే, జీవానందానికి నిద్ర పట్టలేదు. మిషను పైన గోడకు అతికించుకున్న పటం వైపే చూపు. ఎప్పుడో ఊరికొచ్చిన తెల్ల దొరసానమ్మ ఇచ్చిన క్రిస్మస్ కార్డు అది. అందులో దూత తెర వెనకనుంచి నడిచి రాడు, ఇంతింత తెల్లటి రెక్కలతో ఆకాశంనుంచి దిగుతాడు. ఆ రెక్కలుంటే పొట్ట ఎవడు చూస్తాడు? వెదురు బద్దలు వంచి, మల్లుగుడ్డ కుట్టి, దొరవారిసత్రంనుంచి తోడల్లుడు పంపించిన కొంగ ఈకలు అతికించినాడు. బంక వాసనకు వాకిట్లో పిల్లులు చేరినాయి.

చొక్కా కొలతలకొచ్చిన పాస్టరుగారు ఆ రెక్కలు చూసి నవ్వినాడు. "లూకా సువార్త తిరగేసి చూడు జీవానందం. దూత వచ్చి నిలబడినాడనే ఉంది. రెక్కల ఊసే లేదు."

"మరి పటంలో ఉండాయి గదండీ!"

"పటాలు గీసేవాళ్ళు తగిలించినారు. రెక్కలంటే కబురు వేగంగా తెచ్చేవాడని గుర్తు. తెలుపంటే మచ్చ లేనివాడని. గుర్తులేనయ్యా అవి."

"రెక్కల్లేకుంటే దూతకీ టైలరుకీ తేడా ఎట్లా తెలుస్తుంది పాస్టరుగారూ?"

అరుగు మీద బియ్యం చెరుగుతున్న జీవానందం భార్య నవోమి తలెత్తకుండానే అనింది. "కబురు తెచ్చేదానికి రెక్కలెందుకో! పోస్టుమేను చెంచయ్యకి సైకిలు చాలడంలా?"

ఆకాశంనుంచి దిగాలంటే తాడు కావాలి, దించే మనుషులు కావాలి. వలలు లాగించే హజరత్తయ్య నలుగురు మనుషుల్ని తెస్తానన్నాడు. పందిరి మీద అడ్డంగా సరుగుడు దూలం కట్టి, దానికి బావి గిలక వేలాడదీసినారు. లాగేవాళ్ళు కనబడకుండా తాటాకు దడి అడ్డం పెట్టినారు. "పాట మొదలవగానే మెల్లిగా వదలండన్నా" అని జీవానందం పదే పదే చెప్పినాడు.

"నిచ్చెనెక్కాలంటేనే కాళ్ళు వణుకుతాయే నీకు!" అనింది నవోమి.

"అందుకే గదా, దిగిందాకా కళ్ళు మూసుకుంటా."

క్రిస్మస్ నాడు పొద్దు వాలకముందే పందిరి నిండిపోయింది. ఆకాశమని కట్టిన నీలం గుడ్డ వెనక జీవానందం నడుముకు తాడుతో వేలాడుతున్నాడు. కింద సంఘంలో పాటలు పాడే ఆనందకుమారి పాటెత్తుకుంది. తాడు కదిలింది. దూత జానెడు దిగినాడు, మూరెడు దిగినాడు. జనం "ఆహా" అన్నారు. ఇంతలో పల్లవి వచ్చింది, డోలు పడింది.

దడి వెనక ఉన్నవాళ్ళు పుట్టినప్పటినుంచీ పాటకు వల లాగినవాళ్ళు. పల్లవి పడితే లాగాల్సిందే, చేతులు వాటంతటవే లాగేస్తాయి. దూత గబుక్కున పైకి పోయినాడు. అయ్యో, ఏదో తేడా వచ్చిందే అని ఆనందకుమారి కప్పిపుచ్చాలనుకుని పల్లవి ఇంకా గట్టిగా అందుకుంది. ఇంకో లాగు. ఆమె ఎంత బాగా పాడితే ఆయన అంత పైకి పోతున్నాడు. తల పోయి దూలానికి కొట్టుకుంది. కొంగ ఈకలు కాపరుల మీద రాలినాయి.

జీవానందం కళ్ళు తెరిచి కిందికి చూసినాడు. చూడకుండా ఉండాల్సింది. రెండు చేతులా దూలాన్ని కరుచుకున్నాడు. అనాల్సిన మాట ఎటో ఎగిరిపోయింది. 'ఓరి జీవానందం, దూతలు దిగడం విన్నాం గానీ దూలం పట్టుకునే దూతను చూళ్ళేదురా' అనుకున్నాడు. పందిరంతా ఘొల్లుమంది. ముందు వరసలో క్రీస్తురాజు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ఇది తను మొదలుపెట్టిన నవ్వు కాదు. అయిపోయింది, ఇంక తనని నమ్మేవాళ్ళు లేరు.

ఆడవాళ్ళలోనుంచి నవోమి లేచింది. వాకాడు పక్క వలలు లాగేవాళ్ళింట పుట్టిన పిల్ల ఆమె, ఏం జరిగిందో ఇట్టే తెలిసిపోయింది. "పాట ఆపండి! పాట వింటే వాళ్ళ చేతులు ఊరుకోవు!" అని అరిచింది. పాట ఆగింది. "హజరత్తన్నా, వల కాదు, మనిషి! మెల్లిగా వదలండి!"

తాడు వదులైంది. దూత మాత్రం దూలం వదల్లేదు. నవ్వులు ఇంకా ఎక్కువైనాయి. నవోమి నేరుగా రంగం మీదికెక్కి, దూలం కింద నిలబడి తలెత్తింది. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"బయపడబాక. నేనుండా గదా. చెయ్యి వదులు."

ఆయన చెయ్యి వదిలినాడు.

కాళ్ళు నేలకు తగిలినాక జీవానందం కాసేపు ఆమె ముఖమే చూసినాడు. తర్వాత కాపరుల వైపు తిరిగినాడు. చెయ్యెత్తే ఓపిక లేదు. "భయపడకుడి" అన్నాడు. గొంతు వణికింది. ఈసారి అది అచ్చంగా ఆయన గొంతే. నవ్విన వాళ్ళంతా గమ్మునైపోయినారు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. క్రీస్తురాజు తల దించుకుని, "వచ్చే ఏడూ జీవానందంగారేనండీ" అన్నాడు.

ఇంటికొచ్చినాక జీవానందం విరిగిన రెక్కలు విప్పి నవోమి ముందు పెట్టినాడు. "ఇవి నీకే చెల్లు" అన్నాడు.

ఆమె పొయ్యి రాజేస్తా ఒకసారి ఆ రెక్కల వైపు చూసింది. "నాకెందుకయ్యా? రెక్కల ఊసే లేదని పాస్టరుగారే చెప్పినాడు గదా."

దానికి జీవానందం ఏదో ఒకటి చెప్పి నవ్వేద్దామనుకున్నాడు. నవ్వు రాలేదు. ఆమె పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.