వరుస తప్పిన గీతలు

2007 ఎండాకాలం. పుంగనూరు చుట్టుపక్కల క్లినిక్కుల్లో రోగులకు తీసిన ఈసీజీ గీతలను అప్పటికప్పుడే కుప్పం డాక్టరుకు కంప్యూటరులో చూపించే ఏర్పాటు ఒక ట్రస్టు చేసింది. అవన్నీ మదనపల్లెలోని సర్వరు గుండా పోవాలి. దాన్ని చూసుకునేది నరేంద్ర, శ్రుతి.

క్లినిక్కులు పెరిగేకొద్దీ గీతలు ఆలస్యంగా చేరసాగాయి. సర్వరులో నాలుగు ప్రాసెసర్లున్నా, నెట్‌వర్కులో వచ్చే ప్యాకెట్లన్నీ, అంటే ఒక్కో గీతను విడగొట్టి పంపే ముక్కలన్నీ, మొదటిదాని నెత్తినే పడుతున్నాయి. నరేంద్ర తిండీ నిద్రా మాని, వాటిని నాలుగింటికీ వంతులవారీగా పంచే ప్రోగ్రాము రాశాడు. రద్దీ లేని వేళ పరీక్షించాడు. ఆలస్యం మాయమైంది. ట్రస్టు పెద్దలు భుజం తట్టారు.

ఒక సోమవారం, క్లినిక్కులన్నీ కిటకిటలాడుతున్నప్పుడు, కుప్పం డాక్టరు ఫోను చేశాడు.

"రెడ్డెమ్మ అనే ఆమె గీత అతుకులబొంతలా ఉంది. మళ్లీ తీయించండి."

"ఆడ వైర్లు సరిగ్గా పెట్టుండరు," అన్నాడు నరేంద్ర.

మళ్లీ తీశారు. మళ్లీ అంతే. శ్రుతి పుంగనూరు నర్సు చెంగమ్మను అడిగింది.

"మా మిషన్లో బాగానే కనపడతాండాదమ్మా. ఆయమ్మకు చెమటలు పోస్తాండాయి, తొందరగా చెప్పండి!"

శ్రుతి ఫోను పెట్టేసింది. నరేంద్ర వైపు తిరిగింది.

"తప్పు మన దగ్గరే ఉండాదప్పా. ఒక మనిషి ప్యాకెట్లు నాలుగు దోవల్లో పోతాండాయి. రద్దీలో వెనకది ముందు చేరతాండాది. నీ ప్రోగ్రాము తీసెయ్."

"తీస్తే మళ్లీ ఆలస్యమే కదా!"

"ఆలస్యమైనా సరైన గీత పోతాది. తియ్!"

తీశాడు. గీత నత్తలా కదిలినా తిన్నగా వచ్చింది.

"గుండెపోటు," అన్నాడు డాక్టరు. "ఇంతసేపు ఏం చేశారు? మందు ఇచ్చి వెంటనే ఇక్కడికి పంపమనండి."

రెడ్డెమ్మ బతికింది. కానీ గుండెలో కొంత భాగం చచ్చుబడిపోయింది. ఇక చేను పనికి పోకూడదన్నారు.

నరేంద్ర ప్రోగ్రాము తిరగరాశాడు. ఒక రోగి ప్యాకెట్లన్నీ ఒకే ప్రాసెసరుకు, వేరే రోగివి వేరేదానికి. ఈసారి శ్రుతి పక్కన కూర్చుని, నిండు రద్దీలో పరీక్షించింది. వేగమూ నిలిచింది, వరుసా నిలిచింది.

తర్వాత అతను కుప్పం ఆసుపత్రికి పోయి జరిగిందంతా చెప్పాడు. రెడ్డెమ్మ కొడుకు లక్ష్మీపతి మంచం పక్కనుంచి లేచాడు.

"ముందు నిదానంగా అయినా పోతాండె గదప్పా. యాల మార్చినారు?"

"తొందరగా పోవాలనే, అన్నా."

రెడ్డెమ్మ కళ్లు తెరిచి, కూర్చోమని స్టూలు చూపించింది. నరేంద్రకు కూర్చోబుద్ధి కాలేదు.